బంకులో నీటి పరీక్ష మా కళ్ల ముందే చేయండి

సంపాదకులకు నమస్కారం.

నేను రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. తెల్లవారక ముందే భీమవరంలో బయల్దేరి, ఉండి, ఆకివీడు ఊళ్ల వైపు చెరువులు తిరిగి, సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చి ఉప్పు ఎంత, పీహెచ్ ఎంత, అమ్మోనియా ఎంత అని రైతుకు చెప్పడం నా ఉద్యోగం. నీళ్లు చూడటమే బతుకుదెరువైన నాకే, నా బండి ట్యాంకులో నీళ్లున్నాయని తెలియడానికి మూడు వారాలు పట్టింది. ఈ ఉత్తరం అందుకే.

నాది 2013 నాటి 100 సీసీ బండి, కార్బురేటర్‌ది. మొన్నటి వానల్లో ఒక పొద్దున ఉండి దాటగానే, యాక్సిలరేటర్ ఎంత తిప్పినా అందుకోకుండా ముక్కుతూ 40 నుంచి 20కి దిగి, ఆగిపోయింది. కాసేపాగి కిక్ కొడితే స్టార్టయింది. ఐడ్లింగ్ బాగానే ఉంది. లాగుదామంటే చచ్చిపోతోంది. చోక్ వేస్తే కాస్త నయం. పెట్రోలు తగ్గి రిజర్వులో పెట్టానో, ఇక పూర్తిగా మొండికేసింది.

మెకానిక్ తెలిసినవాడే. మొదట ప్లగ్ మార్చాడు. తర్వాత ఎయిర్ ఫిల్టర్. అదీ కాదని కార్బురేటర్ విప్పి జెట్లు ఊది శుభ్రం చేశాడు. రెండు రోజులు బాగా నడిచి మళ్లీ మామూలే. ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం పూడుకుపోయినా ఇలాగే ఆగుతుందట. మూత తీసి నడపమన్నాడు, తేడా లేదు. మూడు దఫాలకు 1,400 రూపాయలయ్యాయి. అతన్ని తప్పుపట్టను, చూడాల్సినవన్నీ చూశాడు. ఎటొచ్చీ ఇంజిన్ తాగుతున్నదేమిటో మాత్రం మేమిద్దరం చూడలేదు.

నాలుగోసారి పెట్రోలు పైపు లాగి, రిజర్వులో పెట్టి, నా సంచిలో ఉన్న ఖాళీ గాజు సీసాలోకి పట్టాం. పది నిమిషాలు కదపకుండా పెడితే రెండు పొరలుగా తేరింది. పైన పెట్రోలు, అడుగున రెండు వేళ్ల ఎత్తు మసకగా ఇంకోటి. రిజర్వులో బండి ఎందుకు మొండికేసిందో అప్పుడు అర్థమైంది. మెయిన్‌లో ఉన్నప్పుడు గొట్టం కాస్త పైనుంచి తీసుకుంటుంది, రిజర్వులో అట్టడుగు నుంచి తీసుకుంటుంది.

ఆ సీసా పట్టుకుని బంకుకు వెళ్లాను. "అది నీళ్లు కాదు సార్, ఇథనాల్. ఇప్పుడు అన్ని బంకుల్లోనూ 20 శాతం కలిపే వస్తోంది" అన్నాడు అక్కడి కుర్రాడు. సగం నిజం. ఇథనాల్ తనంతట తాను పెట్రోలు నుంచి విడిపోదు. నీళ్లు తగిలితే కొంతవరకు కలుపుకుంటుంది. హద్దు దాటాక నీళ్లతో కలిసి ఇథనాల్ కూడా అడుక్కు దిగిపోతుంది. వెనకటికి పెట్రోల్లో గరిటెడు నీళ్లు పడితే అడుగున గరిటెడే ఉండేది. ఇప్పుడు అదే గరిటెడు నీరు ఇథనాల్‌ను కూడా లాక్కుని అంతకు ఎన్నో రెట్లు అవుతోంది. అడుగున పొర కనబడిందంటే నీళ్లు చేరినట్టే.

ఇథనాల్ మీద నాకు కక్ష లేదు. చెరకు, మొక్కజొన్న, మా జిల్లా మిల్లుల్లో మిగిలే నూకలు దాంట్లోకే పోతే రైతుకు మంచిదే. 2030కి అనుకున్న 20 శాతాన్ని కేంద్రం ముందుకు జరిపింది, 2023 ఫిబ్రవరిలో అమ్మకం మొదలుపెట్టి 2025కల్లా చేరుకుంది. ఇథనాల్ కలపని పెట్రోలు కూడా అమ్మాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత పడిపోతుంది, నాలాంటి పాత కార్బురేటర్ బండి కొంచెం నీరసపడుతుంది. అంతవరకు భరిస్తాం. నడిరోడ్డు మీద వెనక లారీ ఉండగా ఆగిపోవడం వేరు.

బంకుదే తప్పని కూడా గట్టిగా అనలేను. చెరువు గట్టు మీద నా బండి వానలో గంటలు నిలబడుతుంది, ట్యాంకు మూత రబ్బరు అరిగింది. నీళ్లు అక్కడినుంచీ దిగి ఉండొచ్చు. నా బాధల్లా ఏది నిజమో తేల్చుకునే దారి లేకపోవడమే. ఫిల్టర్ పేపర్ అడిగితే ఇచ్చారు. చుక్క వేస్తే ఆరిపోయింది, మరక లేదు. ఆ కాగితం జిడ్డు కల్తీని పట్టిస్తుంది గానీ నీళ్లను కాదు. సాంద్రత కొలిచి చూపించారు, అదీ సరిగ్గానే ఉంది. భూమిలో ఉన్న ట్యాంకు అడుగున నీరు చేరితే, అది పంపులోకి వచ్చేదాకా సాంద్రతలో తెలియదు.

యజమాని మర్యాదగానే మాట్లాడారు. "రోజూ పొద్దున్నే, నీళ్లు తగిలితే రంగు మారే పేస్టును కొలబద్దకు రాసి ట్యాంకులో దించి చూస్తాం, రిజిస్టర్లో రాస్తాం" అన్నారు. ఆ రిజిస్టర్ చూపించమంటే మాత్రం అది అధికారులకేనట.

ఆయిల్ కంపెనీలను, పౌరసరఫరాల శాఖను నేను అడిగేది ఇదే. రోజూ చేస్తున్న పరీక్షే కాబట్టి కొత్త ఖర్చేం లేదు. పెద్ద వాన పడిన మర్నాడైనా ఆ కొలబద్దను వినియోగదారుల ఎదుట దించండి. పేస్టు రంగు ఎంతవరకు మారిందో సాంద్రత పక్కనే బోర్డు మీద తెలుగులో రాయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలులో పనిచేసే పేస్టే వాడేలా చూడండి. బండి ఆగిపోయిందని ఎవరైనా వస్తే, పంపు నుంచి ఒక సీసా పట్టి, సీలు వేసి, ఇద్దరూ సంతకం పెట్టి ఉంచే ఏర్పాటు చేయండి. చెరువులో రొయ్య చచ్చిపోతే రైతు మా ల్యాబ్‌కు సీసాతో వస్తాడు, మేం కాగితం మీద అంకె రాసి ఇస్తాం. ఆ అంకె చూసి మేత కంపెనీతోనో, సీడు అమ్మినవాడితోనో మాట్లాడుకుంటాడు. పెట్రోలు కొనేవాడి చేతిలో అలాంటి కాగితం ఏదీ లేదు.

ట్యాంకు దించి కడిగించి, మూత రబ్బరు మార్పించాక బండి బాగానే ఉంది. ఆ సీసాను ఇంట్లో ఉంచడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. ల్యాబ్ వెనక షెడ్డులో ఉంది. రైతుల సీసాలకు అంటించినట్టే దానికీ తేదీ, బంకు పేరు రాసి అంటించాను. అధికారులెవరైనా అడిగితే ఇస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు, భీమవరం