సర్ రాబర్ట్ పీల్ గారికి బహిరంగ లేఖ: కునుకు తీసిన జడ్జి మీద మీరు చేయిస్తానన్న విచారణ ఏమైంది?

గౌరవనీయులైన పీల్ గారికి,

నమస్కారం. మీరు 1850లో గుర్రం మీంచి పడి పోయారు కాబట్టి ఈ ఉత్తరానికి జవాబు రాదని నాకు తెలుసు. ఫర్వాలేదు, అలవాటే. నేను డబ్లిన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ణి. ఇక్కడే ఒక ఆఫీసుకు ఒక చిన్న కాగితం కోసం ఐదు నెలల్లో ఆరు మెయిళ్లు పెట్టాను. "మీ అభ్యర్థన అందింది, పరిశీలిస్తాం" అని ఆరుసార్లూ ఒకటే జవాబు, కామా కూడా మారలేదు. బతికున్నవాళ్ల దగ్గరే ఇలా ఉంటే మీకు రాయడం వల్ల కొత్తగా పోయేదేముంది అనిపించింది.

అదీగాక ఈ "పరిశీలిస్తాం" అనే మాట విన్నప్పుడల్లా ఈ మధ్య మీరే గుర్తొస్తున్నారు.

మీరు ఐర్లండ్ చీఫ్ సెక్రటరీగా, అంటే లండన్ ప్రభుత్వం తరఫున ఇక్కడి పాలన చూసే పెద్ద అధికారిగా ఉన్న పాత ఆఫీసు కాగితాలు చాలావరకు బతికే ఉన్నాయండి. 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనం తగలబడినప్పుడు ఐర్లండ్ రికార్డులు ఎన్నో బూడిదైపోయాయి గానీ, మీవి డబ్లిన్ కోటలోని టవర్‌లో వేరేగా ఉండటం వల్ల మిగిలాయి. ఇప్పుడు బిషప్ స్ట్రీట్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌లో పెట్టారు. ఒక శనివారం ఇంట్లో కూర్చుని వాటి కేటలాగ్ చూస్తూ చూస్తూ అన్నం తినడం మర్చిపోయాను. ఆ తర్వాత లీవు పెట్టి వెళ్లాను. లోపలికి పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిలే. అట్టపెట్టెలో అర్జీలు. నిలువుగా మడిచిన మడతలు ఇంకా అలాగే ఉన్నాయి, విప్పితే మళ్లీ వాటంతట అవే ముడుచుకుంటున్నాయి. లోపల రెండు పేజీల ఏడుపు: పెన్షన్ కోసం విధవరాలు, సగం జీతం మీద ఇంటికి పంపేసిన సైనికాధికారి, కస్టమ్స్‌లో ఏదో ఒక పోస్టు ఇప్పించండి మహాప్రభో అని ఆరుగురు పిల్లల తండ్రి. వెనక మడత మీద గుమాస్తా చేతిరాతలో తారీఖు, నంబరు, ఒక్క లైనులో సారాంశం. రెండు పేజీల బతుకు ఒక్క లైను అయ్యింది. ఆ గుమాస్తాని నేను తప్పు పట్టను, ఆయనకు రోజూ ఇవే.

మీకు కూడా రోజూ ఇవే అని తెలుసు. 24 ఏళ్లకి చీఫ్ సెక్రటరీ అయ్యారు, 1812 నుంచి 1818 దాకా ఆరేళ్లు ఐర్లండ్‌లో ఎవరికి ఏ కుర్చీ అనేది మీ టేబుల్ మీదుగానే పోయింది. రేవులో ఓడల మీద సరుకు చూసుకునే చిన్న ఉద్యోగి దగ్గర్నుంచి సారా పీపాలు కొలిచే గేజర్ దాకా, జిల్లాలో ఏ పోస్టు ఖాళీ అయినా ప్రభుత్వానికి ఓటేసే ఎంపీ గారి సిఫార్సు చూసే కదా నింపేవారు? మా భాషలో దీన్ని పైరవీ అంటారు. మీరు దానికి ఏ మర్యాదైన పేరు పెట్టుకున్నారో గానీ, వ్యవహారం మాత్రం మాకు బాగా అర్థమవుతుంది.

మీ ముందు ఆ కుర్చీలో కూర్చున్న ఆర్థర్ వెల్లెస్లీ గారు, అదే తర్వాత వెల్లింగ్టన్ డ్యూక్ అయిన ఆయన, 1808 ఆగస్టులో పోర్చుగల్‌లో విమెయిరో దగ్గర ఫ్రెంచివాళ్లతో యుద్ధం చేస్తున్నప్పుడు కూడా రికార్డు ప్రకారం ఐర్లండ్ చీఫ్ సెక్రటరీనే. ఫిరంగులు పేలుతుంటే ఈ విధవరాలి అర్జీ ఎవరు చదివి ఉంటారు? సరే వదిలేయండి, ఆయన గెలిచాడు, గెలిచినవాణ్ణి ఎవరూ సెలవు చీటీ అడగరు.

అసలు విషయానికి వస్తాను. నార్బరీ ప్రభువు.

మీకు ఆయన గురించి చెప్పక్కర్లేదు గానీ నా కడుపుమంట చల్లారాలి కాబట్టి చెప్తాను. అసలు పేరు జాన్ టోలర్. తండ్రి చేతిలో పెట్టింది 50 పౌండ్లు, ఒక జత పిస్తోళ్లు, వాటితోనే పైకొచ్చానని గొప్పగా చెప్పుకునేవాడట. లా పుస్తకం సంగతి ఎక్కడా లేదు చూడండి. 1800లో యూనియన్ చట్టానికి, అంటే ఐర్లండ్ పార్లమెంటుని రద్దు చేసి దేశాన్ని బ్రిటన్‌లో కలిపేసిన చట్టానికి, పార్లమెంటులో గొంతు చించుకున్నందుకు కామన్ ప్లీస్ కోర్టుకి చీఫ్ జస్టిస్‌ని చేశారు, ప్రభువుని కూడా చేశారు. భార్యకి అంతకు మూడేళ్ల ముందే బిరుదు వచ్చేసింది. యూనియన్‌కి పట్టుబట్టినవాళ్లలో ముందువరుసలో ఉన్న లార్డ్ క్లేర్ గారే ఇది విని "కావాలంటే బిషప్‌ని చెయ్యండి, ఆర్చిబిషప్‌ని చెయ్యండి, చీఫ్ జస్టిస్‌ని మాత్రం చెయ్యొద్దు" అన్నాడని చెబుతారు. అంటే పాపం చర్చి ఏమైపోయినా ఫర్వాలేదన్నమాట.

ఆ రోజుల ధరల పట్టిక చూస్తే ఇది ఆశ్చర్యం కూడా కాదు. పార్లమెంటు సీటు పోయిన ఒక్కో పట్టణానికి, అంటే ఆ పట్టణాన్ని జేబులో పెట్టుకున్న దొరకి, 15,000 పౌండ్ల నష్టపరిహారం. మొత్తం 12 లక్షల 60 వేలు. ఆ బేరాలు చేయాల్సి వచ్చిన లార్డ్ లెఫ్టినెంట్ (ఐర్లండ్‌లో రాజు ప్రతినిధి) కార్న్‌వాలిస్, ఈ మురికి పని చేస్తున్నందుకు నన్ను నేనే అసహ్యించుకుంటున్నానని స్నేహితుడికి ఉత్తరం రాసుకున్నాడు. (ఈ కార్న్‌వాలిస్సే మన దగ్గర జమీందారీ శాశ్వత శిస్తు పెట్టిన పెద్దమనిషి. అక్కడ అసహ్యం వేసినట్టు లేదు.)

ఇలా కుర్చీ ఎక్కిన జడ్జి ఎలా ఉంటాడు? 1803లో గ్రీన్ స్ట్రీట్ కోర్టులో, బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ రాబర్ట్ ఎమ్మెట్ విచారణ ఈయన ముందే జరిగింది. పాతికేళ్ల కుర్రాడు ఉరికి ముందు నాలుగు మాటలు మాట్లాడుకుంటానంటే మాటమాటకీ అడ్డం తగిలింది ఈయనే. ఉరి తీశారు, తెల్లారి. మిగతా రోజుల్లో కోర్టు డ్రామా కంపెనీలా ఉండేదట, జోకులు వినడానికి జనం వచ్చేవాళ్లట. ఒకసారి కర్రన్ అనే పెద్ద లాయరు వాదిస్తుంటే బయట గాడిద ఓండ్ర పెట్టింది, "ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి" అన్నాడట జడ్జి గారు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు. కానీ బోనులో నిలబడ్డవాడికి నవ్వొచ్చి ఉంటుందా?

మీరు చీఫ్ సెక్రటరీగా ఉన్నన్నాళ్లూ మీ అటార్నీ జనరల్ సౌరిన్ గారు. ఆయన ఈ జడ్జికి రాసిన ప్రైవేటు ఉత్తరం ఒకటి 1822లో బయటపడింది. "మీరు సర్క్యూట్ మీద జిల్లాలకు వెళ్లినప్పుడు అక్కడి గ్రాండ్ జ్యూరీ (జిల్లా వ్యవహారాలు చూసే భూస్వాముల సభ) పెద్దలకు కేథలిక్కులకు వ్యతిరేకంగా కాస్త చెప్పండి" అని. ప్రభుత్వ లాయరు, తను ఎవరి ముందు వాదించాలో ఆ జడ్జికి, రాజకీయం చూసుకోమని చేతిరాతతో రాశాడు! ఎవరి ఉద్యోగమైనా పోయిందా? సౌరిన్ గారు అప్పటికే పదవిలో లేరు, జడ్జి గారు అదే కుర్చీలో ఉన్నారు.

ఇప్పుడు 1825. జడ్జి గారికి దాదాపు 80 ఏళ్లు. హత్య కేసు నడుస్తుండగా బెంచి మీద నిద్రపోయాడు. అది హత్య కేసు, పీల్ గారూ, కోడిని దొంగిలించిన కేసు కాదు. ఒక మనిషి మెడ మీద తాడు ఉండాలా వద్దా అని సాక్షులు చెబుతుంటే గడ్డం ఛాతీకి ఆనించి నిద్ర. తర్వాత లార్డ్ లెఫ్టినెంట్ గారు ఆ కేసు నోట్సు పంపమన్నారు. నోట్సు ఉంటే కదా! సాక్షి ఏం చెప్పాడు, ముద్దాయి ఏం చెప్పాడు, ఏ ముక్కా చెప్పలేకపోయాడు. మా ఊళ్లో పంచాయితీ చేసే పెద్దమనిషి కునికిపాట్లు పడితే పక్కన కూర్చున్నవాడు మోచేత్తో పొడుస్తాడు. చీఫ్ జస్టిస్‌ని ఎవరు పొడుస్తారు?

కేథలిక్కుల హక్కుల కోసం పోరాడిన లాయరు డేనియల్ ఓకానెల్ ఆ పని చేశాడు. ఈయన్ని తీసేయండి అని పార్లమెంటుకు అర్జీ రాశాడు. (ఓకానెల్ పేరెత్తితే మీకు ఒళ్లు మండుతుందని తెలుసు. కేథలిక్కులంటే పడని ప్రొటెస్టెంట్లను ఇక్కడ ఆరెంజ్‌వాళ్లు అంటారు కాబట్టి మీకు "ఆరెంజ్ పీల్" (నారింజ తొక్క) అని పేరు పెట్టింది ఆయనే, 1815లో మీరిద్దరూ ద్వంద్వయుద్ధానికి ఓస్టెండ్ బయల్దేరితే ఆయన్ని లండన్‌లో పోలీసులు పట్టుకున్నారు కూడా. అయినా అర్జీ రాసినవాడు ఎవడైతేనేం, అర్జీలో ఉన్నది నిజమా కాదా అని కదా చూడాలి.) అర్జీ సభ ముందుకొచ్చింది. మీరు అప్పుడు హోం సెక్రటరీ. లేచి నిలబడి, ఈ విషయం విచారిస్తాం అని హామీ ఇచ్చారు. మీ మాట మీద గౌరవంతో ఎవరూ తీర్మానం పెట్టలేదు.

తర్వాత?

1825 గడిచింది. 1826 గడిచింది. జడ్జి గారు కోర్టుకి వస్తూనే ఉన్నారు. 1827లో మీరు పదవి వదిలి, కానింగ్ ప్రధాని అయ్యాక అప్పుడు కదిలాడు మహానుభావుడు. ఎలా కదిలాడు? ఏడాదికి 3,046 పౌండ్ల పెన్షన్ పుచ్చుకుని, బ్యారన్ నుంచి ఏకంగా ఎర్ల్‌గా ప్రమోషన్ పుచ్చుకుని! నిద్రపోయినందుకు ఎర్ల్. మెలకువగా ఉండుంటే ఏం చేసేవారో ఊహించడానికే భయంగా ఉంది. ఆ 3,046లో ఆ ఆరు పౌండ్లు ఏ లెక్కలో వచ్చాయో మాత్రం చెప్పండి, చాలా రోజులుగా నన్ను తొలుస్తోంది.

ఇది ఒక్కడి కథ అయితే ముసలాయన, పోనీలే అనుకునేవాణ్ణి. ఎక్స్‌చెకర్ కోర్టు చీఫ్ బ్యారన్ స్టాండిష్ ఓగ్రేడీ గారు కక్షిదారుల దగ్గర ఫీజులు తనంతట తనే పెంచుకున్నాడని విచారణ కమిషనర్లే రాశారు, 1823 దాకా కామన్స్‌లో చర్చలు నడిచాయి, చివరికి తుస్సుమంది. 1831లో ఆయన వైకౌంట్ అయ్యాడు. ఈ మెట్లెక్కే పద్ధతి చూస్తుంటే తప్పు చేయడం కూడా ఒక డిపార్ట్‌మెంటల్ పరీక్షేమో అనిపిస్తోంది.

ఒక్కరినైనా తీశారు కదా అంటారేమో. తీశారు. అడ్మిరాల్టీ కోర్టు జడ్జి సర్ జోనా బారింగ్టన్. నాన్సీ, రెడ్‌స్ట్రాండ్ అని యజమాని లేకుండా దొరికిన ఓడలు, వాటి తాలూకు సొమ్ము కోర్టులో జమ అయితే సొంతానికి వాడుకున్నాడు. ఎప్పుడు? 1805, 1806, 1810లో. పదవి నుంచి తీసింది ఎప్పుడు? 1830లో, మీరు మళ్లీ హోం సెక్రటరీగా ఉన్నప్పుడు. మధ్యలో చాలా ఏళ్లు ఆయన అప్పులవాళ్లకు అందకుండా ఫ్రాన్సులో ఉన్నాడు. ఐర్లండ్ సముద్రాలకు జడ్జి, కాపురం ఫ్రాన్సులో! కోర్టు పని ఇక్కడ ఇంకెవరో చూసేవాళ్లు. పాతికేళ్లకి ఒక్కణ్ణి పట్టుకున్నారు, అదీ ఆయన ఊళ్లో లేనప్పుడు.

నేను మీరు లంచం తిన్నారని అనడం లేదండి. తినలేదనే నా నమ్మకం. పని లేని జీతాలంటే మీకు చిరాకని, అడిగినవాళ్లలో చాలామందికి లేదు పొమ్మన్నారని చదివాను. అందుకే మీ మీద ఇంత కోపం. తినేవాడికి ఉత్తరం రాసి ఏం లాభం? అన్నీ తెలిసి, చేతులు శుభ్రంగా ఉంచుకుని, సభలో నిలబడి "విచారిస్తాం" అన్నవాడికే రాయాలనిపించింది. ఎమ్మెట్ అంత బాగా ఇంగ్లీషు మాట్లాడగలిగినవాడి గొంతే ఆ కోర్టులో వినపడలేదు. ఇంగ్లీషు సరిగ్గా రాని ఐరిష్ రైతు సంగతేంటి? అప్పటికి ఆ దేశంలో కేథలిక్ అయినవాడు ఎంత చదువుకున్నా జడ్జి కాలేడు, 1829 దాకా చట్టమే ఒప్పుకోదు. ఓకానెల్ అంతటి లాయరుకే సిల్కు గౌను, అంటే సీనియర్ లాయరు హోదా, ఇవ్వలేదు. మెలకువగా ఉండగలిగినవాణ్ణి గడప దాటనివ్వకుండా, నిద్రపోయేవాడికి దిండు సర్దారు.

నార్బరీ గారు 1831లో పోయారు. సమాధిలోకి దించుతుంటే తాళ్లు పొట్టి అయ్యాయట, గుంపులోంచి ఎవరో "ఇవ్వండర్రా తాడు, ఇవ్వడంలో ఆయనెప్పుడూ లోభం చెయ్యలేదు" అన్నాడని డబ్లిన్ జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమో కల్పనో గానీ ఆయన మీద జరిగిన విచారణ అంటూ ఉంటే నా దృష్టిలో అదొక్కటే. సెయింట్ మేరీస్ చర్చి దగ్గర పూడ్చారు. ఆ చర్చి ఇప్పుడు బార్ అండి. శుక్రవారం సాయంత్రం మా ఆఫీసువాళ్లు అక్కడికే పోతారు.

నా విన్నపాలు. ఒకటి, ఆ విచారణ జరిగిందా? జరిగితే ఎవరు చేశారు, ఎవర్ని పిలిచారు, ఆ రోజు కోర్టులో ఉన్న గుమాస్తాని, జ్యూరీవాళ్లని ఎవరైనా ఒక్క మాట అడిగారా? రెండు, జరగకపోతే జరగలేదని ఒక్క లైను రాయండి, మీ గుమాస్తా మడత మీద రాసినట్టు ఒక్క లైను చాలు. మూడోది కూడా అదే, విచారణ ఏమైంది? ఇంకా అడగాల్సినవి ఉన్నాయి, జిల్లా రోడ్ల డబ్బుతో సొంత గేటు దాకా రోడ్లు వేయించుకున్న దొరల సంగతి, ఎక్కడో కాపుసారా బట్టీ దొరికితే ఊరు మొత్తానికి వేసిన జరిమానాల సంగతి. అవి తర్వాత రాస్తాను. ముందు దీనికి చెప్పండి.

నా కాగితం సంగతి మీ చేతిలో లేదు కాబట్టి అది అడగను. ఏడో మెయిల్ సోమవారం పెడతాను.

ఇట్లు,
మీ పాత కోటకు నడక దూరంలో ఉండే
ఒక తెలుగువాడు