హాలాన్ సిలిండర్‌ను గాలిలోకి వదలకండి

సంపాదకులకు,

మంటలార్పే సిలిండర్లన్నీ ఓజోన్ పొరకు చేటేనన్న మాట తరచూ వినిపిస్తోంది. నీళ్లు, నురగ, డ్రై పౌడర్, కార్బన్ డయాక్సైడ్‌లకు ఓజోన్‌తో పేచీ లేదు. చిక్కంతా హాలాన్లు అనే బ్రోమిన్ ఉన్న మంటలార్పే రసాయనాలతోనే. చేతి సిలిండర్లలో హాలాన్ 1211 రకం, కంప్యూటర్ గదుల్లో, విమాన ఇంజన్ల దగ్గర 1301. ఆ అంకెలు వరసగా కార్బన్, ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్ పరమాణువుల లెక్క.

మంటను నడిపించే హైడ్రోజన్ పరమాణువును బ్రోమిన్ పట్టేస్తుంది, విడివడి మళ్లీ ఇంకోదాన్ని పట్టుకుంటుంది. అందుకే గదిలో 5 శాతం 1301 చాలు, లోపలి మనుషులు బయటపడగలరు. కార్బన్ డయాక్సైడ్ అయితే కనీసం 34 శాతం నింపాలి, అందులో మనిషి బతకడు. ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌లోనూ బ్రోమిన్‌ది అదే తంతు, కాకపోతే అక్కడ దెబ్బ ఓజోన్‌కు. ఓజోన్‌ను దెబ్బతీసే మరో మూలకం క్లోరిన్ చాలావరకు హైడ్రోజన్ క్లోరైడ్‌గా మారి ఊరుకుంటుంది. బ్రోమిన్ అలా కుదురుగా ఉండదు. ఓజోన్‌ను తినే క్లోరిన్ వాయువు సీఎఫ్‌సీ-11 హానిని 1 అనుకుంటే 1301ది 10.

ఓజోన్ పొరను కాపాడే అంతర్జాతీయ మాంట్రియల్ ఒప్పందం కింద హాలాన్ల తయారీ సంపన్న దేశాల్లో 1994కి, మిగతా దేశాల్లో 2010కి ఆగింది. పాత నిల్వలు మాత్రం ఇంకా గోడలకు వేలాడుతున్నాయి. హాలాన్ గాలిలో కలిసేది మంటల్లో కంటే లీకుల్లో, పరీక్షల్లో, తుక్కుకు అమ్మేముందు వాల్వు విప్పేసినప్పుడే ఎక్కువ.

ఒత్తిడి చూపే గేజిని ఒక్కదాన్నే నమ్మకండి. 1301 మీద నైట్రోజన్ ఒత్తిడి ఉంటుంది, ఎండ పెరిగితే ముల్లూ పెరుగుతుంది. ఆరు నెలలకోసారి తూకం వేయండి. లోపలి రసాయనం బరువు 5 శాతానికి మించి తగ్గితే లీకే. గది వాయువును బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుందో లేదో చూడాలంటే సిలిండర్ వదలనక్కర్లేదు, తలుపుకు ఫ్యాన్ బిగించి చేసే పరీక్ష చాలు. సిలిండర్ దించేటప్పుడు ముందు యాక్చుయేటర్ (వాల్వును తెరిచే పరికరం) తీసి, వాల్వు నోటికి మూత బిగించి, ఆ తర్వాతే బ్రాకెట్ విప్పాలి. మూత లేకుండా వాల్వు తెరుచుకుంటే సిలిండర్ రాకెట్‌లా దూసుకుపోతుంది. దించినదాన్ని హాలాన్ తిరిగి పట్టే కేంద్రానికే ఇవ్వండి. శుద్ధి చేస్తే అది విమానాలకు పనికొస్తుంది.

హాలాన్‌కు బదులుగా వాడే హెచ్‌ఎఫ్‌సీ-227ఈఏ అనే వాయువు ఓజోన్‌ను తాకదు. భూమిని వేడెక్కించడంలో మాత్రం కార్బన్ డయాక్సైడ్‌కు 3,000 రెట్లు మించినది. ‘ఓజోన్‌కు హాని లేదు’ అన్న లేబుల్ ఆ సంగతి చెప్పదు. ఆ బెడద లేనివి నైట్రోజన్, ఆర్గాన్ లాంటి జడవాయువులు. అయితే ఏది ఎంచుకున్నా పాత హాలాన్ పైపుల్లోకి అలాగే నింపితే కుదరదు. మోతాదు వేరు, ఒత్తిడి వేరు. పైపు సైజు, నాజిల్ (వాయువు బయటికొచ్చే మూతి)తో సహా లెక్క మళ్లీ కట్టాల్సిందే.

ఇట్లు,
అగ్నిమాపక పరికరాల నిర్వహణ ఇంజనీర్లు