బిల్డ్ సర్వర్లలో చెప్పకుండా మార్చిన కెర్నల్ సెట్టింగుపై ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

నమస్కారం. మూడేళ్లుగా మేము, మా కోడ్‌ను కంపైల్ చేసి పరీక్షించే మీ బిల్డ్ సర్వర్లకు చందా కడుతున్నాము. రెండు వారాలుగా మా సీ ప్లస్ ప్లస్ పరీక్షలు ఒకసారి నడుస్తున్నాయి, మరోసారి ఆగిపోతున్నాయి. కోడ్ మారలేదు, కంపైలర్ మారలేదు. ఆగినప్పుడల్లా లాగ్‌లో మిగిలేది ఒక్క లైనే: థ్రెడ్ శానిటైజర్‌కు (ఏకకాలంలో నడిచే థ్రెడ్ల మధ్య పొరపాట్లు పట్టే సాధనం) అనుకోని మెమరీ మ్యాపింగ్ ఎదురైందని. అప్పటికి మా కోడ్‌లో మొదటి లైను కూడా నడిచి ఉండదు.

పాత, కొత్త లాగ్‌లు పక్కపక్కన పెట్టి చూడగా, చిరునామాల యాదృచ్ఛికతను (లైబ్రరీల వంటివి మెమరీలో ప్రతిసారీ వేరే చోట పడేలా చేసే ఏర్పాటును) నిర్ణయించే కెర్నల్ సెట్టింగు, అంటే ఎమ్‌మ్యాప్ బిట్ల సంఖ్య, 28 నుంచి 32కు మారినట్లు తేలింది. 4 కేబీ పేజీల లెక్కన లైబ్రరీలు పడే చోటు 1 టీబీ పరిధి నుంచి 16 టీబీకి విస్తరించిందన్నమాట. థ్రెడ్ శానిటైజర్ రన్‌టైమ్ ప్రోగ్రాము వాడే ప్రతి చిరునామాకూ నీడ మెమరీలో (తన గుర్తుల కోసం పక్కన ఉంచుకునే మెమరీలో) ఒక చోటును స్థిరమైన సూత్రంతో లెక్కకడుతుంది కనుక, లైబ్రరీలు దానికి తెలిసిన హద్దుల్లోనే ఉండాలి. హద్దు దాటి పడిన రోజున అది ముందుకు కదలదు.

ఎల్ఎల్‌వీఎం కంపైలర్ కొత్త వెర్షన్లలోని శానిటైజర్‌తో తయారైన ప్రోగ్రాములు ఇలాంటప్పుడు యాదృచ్ఛికతను ఆపుకొని తమను తామే మళ్లీ ప్రారంభించుకుంటాయి. ఎస్‌బీసీఎల్ అనే లిస్ప్ రన్‌టైమ్ కూడా లినక్స్‌లో ఏళ్ల తరబడి ఆ పనే చేసింది. అందుకు పర్సనాలిటీ అనే సిస్టమ్ కాల్ (కెర్నల్‌ను ప్రోగ్రాము కోరే సేవ) కావాలి. మీ కంటెయినర్లలో ఏ సిస్టమ్ కాల్స్ చెల్లుతాయో నిర్ణయించే సెక్‌కాంప్ నిబంధన దాన్నీ అడ్డుకుంటోంది కనుక, కంపైలర్ మార్చి చూసినా మాకు దారి దొరకలేదు.

యాదృచ్ఛికతను తీసేయమని నేను అడగడం లేదు. దాడి చేసేవాడికి చిరునామా ముందే తెలియకూడదన్నది న్యాయమైన జాగ్రత్తే, 2005 నుంచి లినక్స్ కెర్నల్‌లో అది ఉంది. మా బాధ వేరు. ఫిర్యాదు చేసిన మూడుసార్లూ మీ సిబ్బంది "మళ్లీ రన్ చేసి చూడండి" అన్నారు. అలా మళ్లీ మళ్లీ నడపడం అలవాటై, గత వారం థ్రెడ్ల మధ్య నిజంగానే ఉన్న ఒక డేటా రేస్‌ను (ఒకే డేటాను రెండు థ్రెడ్లు సమన్వయం లేకుండా ఒకేసారి తాకే లోపాన్ని) శానిటైజర్ పట్టుకున్నా, ఇదీ పాత గొడవేనని మా వాళ్లు దాటేశారు. అది కస్టమర్ల దాకా వెళ్లింది.

కనుక ఈ పరీక్షలు నడిచే సర్వర్లలో విలువను 28కి మార్చండి, లేదా ఆ సిస్టమ్ కాల్‌కు అనుమతినివ్వండి. వృథాగా పోయిన బిల్డ్ నిమిషాలను మా ఖాతాకు తిరిగి జమచేయండి. ఇకపై కెర్నల్ సెట్టింగులు మార్చేటప్పుడు కనీసం వారం ముందు మెయిల్ పంపగలరు. విఫలమైన రన్‌ల లాగ్‌లు జతపరిచాను.

ఇట్లు,
మీ చందాదారు