ఆ రాత్రి ఊరిని మోసిన కప్పు కోసం: రామాలయ కమిటీ మనవి

ఊళ్లో ఉన్నవాళ్లకీ, చదువులకీ ఉద్యోగాలకీ ఊరు విడిచి వెళ్లినవాళ్లకీ, ఈ ఊరి ఆడపడుచులకీ అల్లుళ్లకీ రామాలయ కమిటీ నమస్కారాలు. 1977 ఉప్పెన రాత్రి మనవాళ్లను కాపాడిన గుడి మండపం కప్పును మళ్లీ పోయించడానికి మీ సాయం అడుగుతున్నాం.

స్వాతి కార్తె వెళ్లి విశాఖ వచ్చింది. సార్వా చేలు ఈని పాలు పోసుకుంటున్నాయి. పొద్దున్నే గట్ల మీద నడిస్తే మంచుకు కాళ్లు తడుస్తున్నాయి. కార్తీక స్నానాలతో ఏటి రేవు కళకళలాడుతోంది. మన దివిసీమకు ఇంతకన్నా అందమైన కాలం లేదు, ఇంతకన్నా భయపెట్టే కాలమూ లేదు. నైరుతి వానలు వెనక్కి మళ్లి ఈశాన్య రుతుపవనం అందుకునే ఈ రెండు మూడు నెలల్లోనే బంగాళాఖాతంలో గట్టి తుపానులు ఎక్కువగా పుడతాయి. మబ్బు కమ్మి ఈదురుగాలి ఆగకుండా కొడుతుంటే మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ రాత్రి మంచం ఎక్కరు. వాకిట్లో కూర్చుని గాలి ఎటు తిరుగుతుందో చూస్తుంటారు.

1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో 30,000 మంది పోయారంటారు. అది ముత్తాతల నాటి మాట. 1977 నవంబరు 19 మాత్రం మన ఇళ్లలో ఇంకా నిన్నటిలాగే ఉంది. పింగళ నామ సంవత్సరం, కార్తీక మాసం, శనివారం. సాయంత్రానికి సముద్రం అయిదు మీటర్ల ఎత్తున లేచి, పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. మన తీరంలో కనీసం 10,000 మంది పోయారు. గొడ్డూ గోదా ఎన్ని పోయాయో చెప్పే అవసరం లేదు. పొలంలో నిలిచిన ఉప్పునీటికి మరుసటి ఏడు కూడా నారు సరిగా బతకలేదని చెప్పే రైతులు ఇంకా మన మధ్య ఉన్నారు.

అప్పటికి మన ఊళ్లో అన్నీ తాటాకు ఇళ్లూ పెంకుటిళ్లే. పక్కా స్లాబు వేసింది ఒక్క రామాలయం మండపానికే. అది మెరక మీద కూడా ఉంది. ఆ రాత్రి బతికినవాళ్లలో ఎక్కువమంది బతికింది ఆ కప్పు మీదే. మా కమిటీ పిల్లలు ఈ మధ్య ఇంటింటికీ వెళ్లి పెద్దల మాటలు రాసుకుంటుంటే, ఒక పెద్దమ్మ చెప్పింది: చంటిబిడ్డను కొంగుతో నడుముకు కట్టుకుని ధ్వజస్తంభం పక్కన వేసిన నిచ్చెన ఎక్కిందట. కాలు స్లాబు మీద పెట్టగానే వెనక నిచ్చెన కొట్టుకుపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్లను, పైనున్న ఆడవాళ్లు తమ చీరలు విప్పి ముడివేసి లాగారు. అంతకుముందు రోజు వరకు కులం పేరుతో గుడి అరుగు కిందే ఆగాల్సి వచ్చిన పల్లెవాళ్లు ఆ రాత్రి అందరితో పాటు ఆ కప్పు మీదే ఉన్నారు. ఆ అరుగు దగ్గర వాళ్లను ఆపిన రోజులు ఉన్నాయని ఒప్పుకోవడం మాకు సిగ్గుగానే ఉంది. ఉప్పెన తర్వాత మళ్లీ ఎవరినీ ఆపలేదు.

ఇప్పుడు ఆ స్లాబు పాడైంది. ఆ రోజుల్లో ఉప్పుటేటి ఇసుక కలిపి పోశారు. అప్పట్లో అదే దొరికింది, ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ఇసుకలో ఉప్పు, గాలిలో ఉప్పు కలిసి లోపలి చువ్వలను తినేశాయి. తుప్పు పట్టిన చువ్వ లావెక్కి సిమెంటును బయటికి నెడుతుంది. పోయిన శ్రీరామనవమి కల్యాణం జరుగుతుండగా గొడుగంత పెచ్చు ఊడి తలంబ్రాల పళ్లెం పక్కన పడింది. అయ్యవారికి తగలలేదు, అదే పదివేలు. ఆ రోజు నుంచి మండపం కింద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

చూసి వెళ్లిన ఇంజనీరు గారు పైపూత పూస్తే రెండేళ్లు కూడా నిలవదని తేల్చి చెప్పారు. స్తంభాలు గట్టిగానే ఉన్నాయి, వాటిని ఉంచి స్లాబు మొత్తం దించి కొత్తది పోయాలి. దాంతో పాటు మేం రెండు పనులు చేర్చాం. ఒకటి, పైకి పక్కా మెట్లు, చుట్టూ నడుమెత్తు పిట్టగోడ. నిచ్చెన ఎక్కలేని ముసలివాళ్లు మన ఊళ్లో ఎంతమందో మీకు తెలుసు. తుపాను హెచ్చరిక వస్తే అందరూ వెళ్లాల్సింది ప్రభుత్వ షెల్టరుకే. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం దగ్గర అంత పెద్ద తుపాను తీరం దాటినా చావులు వెయ్యిలోపే ఆగాయంటే, ముందుగా జనాన్ని తరలించడం వల్లే. కానీ రోడ్డు మునిగి షెల్టరుదాకా వెళ్లలేని ఘడియ ఒకటి వస్తే, ఊరి నడిమధ్య ఒక కప్పు ఉండాలి.

రెండోది పేర్ల గోడ. ఉప్పెనలో పోయిన మనవాళ్ల పేర్లు మండపం ఉత్తరపు గోడ మీద ఇంటిపేర్ల వారీగా రంగుతో రాసి ఉన్నాయి. చెమ్మకు సున్నం పొరలుగా లేస్తోంది, పొరతో పాటు పేర్లూ పోతున్నాయి. ఒక ఇంటిపేరు కింద ఏడు పేర్ల తర్వాత ‘పసిబిడ్డ, ఇంకా పేరు పెట్టలేదు’ అని ఉంటుంది. మొన్నటి వానకు ఆ వరుసలో సగం చెరిగింది. ఈసారి నల్లరాతి పలకల మీద చెక్కించాలనుకున్నాం. చర్చికి వెళ్లే కుటుంబాల పెద్దలను అడిగాం, తమవాళ్ల పేర్లు కూడా అందులోనే ఉండాలన్నారు.

పని ఇప్పుడు మొదలు పెట్టలేం. కార్తీకం, మార్గశిరం గాలివానల్లో కప్పు విప్పి కూర్చోకూడదు. సంక్రాంతి పోయాక మొదలుపెట్టాలి. అలాగని వేసవికి జరపడానికీ లేదు. మన బోర్లలో వచ్చేది ఉప్పునీరు. దాంతో కలిపితే మళ్లీ పాత కథే. కాలువలో మంచినీళ్లు ఉండగానే స్లాబు పోసి, తడపడం కూడా పూర్తి కావాలి. వేసవికి కాలువలకు నీళ్లు ఆపేస్తే ట్యాంకర్లతో తోలాల్సి వస్తుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకే కోతలు కూడా కాకముందే మీ ముందుకు వచ్చాం. ముందుగా ఇనుము కొనాలి.

మేస్త్రి అంచనా తొమ్మిది లక్షలు. ఊళ్లో వేసుకున్న చందాలు మూడు లక్షలకు చేరాయి. డబ్బే ఇవ్వాలని లేదు. ధాన్యం ఇల్లు చేరాక ఒక బస్తా ఇచ్చినా, రెండు సిమెంటు బస్తాలు వేయించినా, ట్రాక్టరుతో నాలుగు ట్రిప్పులు మంచి ఇసుక తోలినా, స్లాబు పోసే రోజు తట్ట పట్టినా అది విరాళమే. దూరాన ఉన్నవాళ్లు గుడి పేరున ఉన్న బ్యాంకు ఖాతాకే వేయండి, విడిగా ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఖాతా వివరాలు గుడి నోటీసు బోర్డు మీద ఉన్నాయి, మీ ఇంటివాళ్లను అడిగితే పంపిస్తారు. ప్రతి రూపాయికీ రసీదు ఇస్తాం. జమాఖర్చులు ప్రతి పౌర్ణమికీ అదే బోర్డు మీద అంటిస్తాం.

ఇంకో మాట. ఆ గోడ మీద ఎక్కని పేర్లు కూడా ఉన్నాయని పెద్దలు చెబుతున్నారు. ఆ రోజు పండక్కి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు, కూలికి వచ్చి పాకల్లో ఉన్నవాళ్లు. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి పేరు ఒక్కటి గుర్తున్నా, విరాళం పంపినా పంపకపోయినా, పుష్య మాసం లోపు ఆ పేరు మాకు తెలియజేయండి. రాయి చెక్కించడం మొదలయ్యాక చేర్చడం కష్టం.

ఇట్లు,
రామాలయ పునర్నిర్మాణ కమిటీ