మార్కుల పేజీలోనే ఈ నాలుగు ముక్కలు వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

2025లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 22న వచ్చాయి. మెడికల్ సీట్ల ప్రవేశ పరీక్ష నీట్ మే 4న జరిగింది. మధ్యలో ఉన్నవి పన్నెండు రోజులు. అందులో తొమ్మిది రోజులు మా వీధిలో ఓ బైపీసీ అమ్మాయి పుస్తకం ముట్టలేదు. వెయ్యికి 612 వచ్చాయి. ఆటోల వెనక కాలేజీ ప్రకటనల్లో 990లు చూసి చూసి ఉన్న ఇల్లు కదా, "ఇంకేం డాక్టరు" అని వాళ్ల నాన్న చతికిలబడ్డాడు.

వాళ్లమ్మ బీపీ చూపించుకోవడానికి వస్తే నాకు సంగతి తెలిసింది. ఫోన్లో మెమో తెరిచాను. ఫిజిక్స్‌లో 60కి 23. పాసే. ప్రాక్టికల్స్ కలుపుకుని గ్రూపు సబ్జెక్టుల్లో 54 శాతం. ఎంబీబీఎస్ అర్హతకు ఆ మార్కులు చాలు. నీట్ ర్యాంకులో ఇంటర్ మార్కులు కలపరు. ఇంత చిన్న ముక్క ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కాలేజీ వాళ్లూ చెప్పలేదు, ఫీజు బకాయి కోసం మాత్రం రెండుసార్లు ఫోన్ చేశారు. అమ్మాయి మూడు రోజులు చదివి వెళ్లి రాసింది. ఎలా రాసి ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఫలితాల మర్నాడే ఓ కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చిందట. కిర్గిజ్‌స్థాన్‌లో సీటు, నీట్ రాకపోయినా మేం చూసుకుంటాం అన్నారట. పచ్చి అబద్ధం. 2018 నుంచి నీట్ క్వాలిఫై కాకుండా బయట చదివితే ఇక్కడ ప్రాక్టీసుకు దారి లేదు. క్వాలిఫై అయి వెళ్లినా తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ అనే పరీక్ష గట్టెక్కాలి. అసలు ఆ పిల్ల నంబరు వాళ్లకు ఎవరిచ్చారు?

నేను 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. నాకూ ఇంటర్లో మార్కులు అంతంతే, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమాలో చేరాను. నర్సూ డాక్టరూ ఒకటే అని పిల్లల్ని మభ్యపెట్టను. కానీ డయాలసిస్ గదిలో సూది గుచ్చేముందు ఫిస్టులా మీద, అంటే డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపిన చోట, వేలు పెట్టి ఆ అదురు తగులుతోందో లేదో చూసేది, నాలుగు గంటలు మిషన్‌ని కనిపెట్టుకుని ఉండేది టెక్నీషియనే. ఆ డిప్లొమా రెండేళ్లది. దాని నోటిఫికేషన్ ఫలితాల వేడి చల్లారిన చాలా రోజులకు పేపర్లో ఓ మూల వస్తుంది. అప్పటికి పిల్లలు ఏదో డిగ్రీలో చేరిపోయి, సర్టిఫికెట్లు అక్కడ ఇరుక్కుని ఉంటాయి.

ఇంటర్ బోర్డుకు నా విన్నపం ఇదే. మార్కులు చూసే పేజీలోనే, మార్కుల కిందే, నీట్‌కి ఇంటర్లో ఏం ఉంటే చాలో, సప్లిమెంటరీ, ఇంప్రూవ్‌మెంట్ ఫీజు గడువు ఎప్పటిదాకానో, నర్సింగ్, పారామెడికల్ దరఖాస్తులు ఎక్కడ ఇవ్వాలో తెలుగులో వేయాలి. మనసు బాగోనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 కూడా అక్కడే ఉండాలి. వచ్చే ఏప్రిల్ లోపు ఈ పని చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, ఖమ్మం