వార్షిక నివేదిక 2024–25: మన కాలనీ బాలికల ఫుట్‌బాల్

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో మన అజిత్‌సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు కాలనీ సంఘం తరఫున జరిగిన భోజనాల పంపిణీ, ఇళ్లలో బురద ఎత్తించడం, వైద్య శిబిరం మీకు తెలియనివి కావు. వాటిలో మీ చెయ్యి కూడా ఉంది. సంక్రాంతి ముగ్గుల పోటీ, ఉగాది పంచాంగ శ్రవణం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా జతచేశాం.

మిగిలిన చోటంతా బాలికల ఫుట్‌బాల్‌కే ఇస్తున్నాం. కారణం ఉంది. ఆడపిల్లలకి బంతాట ఎందుకు, ఆ డబ్బుతో ట్యూషన్ పెట్టించొచ్చుగా అని పోయిన సర్వసభ్య సమావేశంలో కొందరు పెద్దలు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

ఫుట్‌బాల్ ఆడితే మార్కులు పెరుగుతాయని మేం చెప్పం, అలా లెక్క తీయలేదు కూడా. మేం చూసింది సాయంత్రాలను. మన ఇళ్లలో ఐదు కొట్టగానే మగపిల్లాడు బ్యాటు పట్టుకుని వీధిలోకి పోతాడు, ఆడపిల్ల తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది, నీళ్లు పడుతుంది. ప్రాక్టీసుకు వస్తున్న పిల్లలు ఆ పొద్దును ఇంట్లో వాదించి మరీ తెచ్చుకున్నారు. ఆట అయ్యాక సంఘం హాల్లో గంటసేపు చదువు. చదువుకు కూర్చోకపోతే మర్నాడు ఆట లేదు. ఇంట్లో చదువుకునే చోటు లేని పిల్లలకు ఆ హాలే దక్కింది. పదో తరగతి వచ్చిందంటే ఆట మాన్పించడం మనవాళ్లకి అలవాటు. ఈసారి మాన్పించొద్దని తల్లులతో గట్టిగానే మాట్లాడాం. కొందరు విన్నారు, కొందరు వినలేదు.

సంక్రాంతి సెలవుల్లో ఐదు జట్లతో చిన్న పోటీ పెట్టాం. షెడ్యూలు వేసే పని పెద్దవాళ్లం తీసుకోకుండా పిల్లలకే వదిలేశాం. ప్రతి జట్టూ మిగతా నాలుగింటితో ఆడాలి కాబట్టి ఇరవై మ్యాచ్‌లని మొదట రాసుకున్నారు. అందులో ఒక్కో మ్యాచ్ రెండుసార్లు లెక్కకొచ్చిందని ఎనిమిదో తరగతి అమ్మాయి పట్టుకుంది, పదికి దించింది. ఆ తర్వాత అసలు తలనొప్పి మొదలైంది. జట్లు బేసి సంఖ్య కాబట్టి ప్రతి రౌండులో ఒక జట్టు ఖాళీగా ఉండాలి, ఏ జట్టూ విశ్రాంతి లేకుండా వరసగా ఆడకూడదు. మ్యాచ్‌కి విరామంతో కలిపి పాతిక నిమిషాలు, మొత్తం నాలుగు గంటల పైచిలుకు. ఒక్క పూటలో అవదని తేల్చి రెండు ఉదయాలకు సర్దారు. ఆ చార్టు ఇంకా హాల్లో గోడకే ఉంది, చూడండి.

కెప్టెన్ పదవి వంతులవారీగా మారుతుంది. బాగా ఆడే అమ్మాయికే ఇవ్వాలని కోచ్ వాదన. మేం ఒప్పుకోలేదు. వంతు వచ్చినప్పుడే కదా నోరు విప్పని పిల్ల కూడా ‘నువ్వు వెనక్కి రా, నువ్వు అటు కాయి’ అని అరవాల్సి వచ్చేది! మైదానం మూల వరదలో పాడైన దీపం కోసం అర్జీ రాసింది అలాంటి కెప్టెన్లే. ఒక కార్యాలయంలో పెద్దవాళ్లెవరూ రాలేదా అని అడిగితే, చీకట్లో ఆడేది మేమేనండీ అని చెప్పి వచ్చారట. తిరగ్గా తిరగ్గా దీపం వెలిగింది.

మధ్యలో మానేసినవాళ్లూ ఉన్నారు. ఎండకి నల్లబడితే రేపు సంబంధాలెలా అన్న నాయనమ్మల బెంగ మేం ఊహించిందే. పొట్టి నిక్కర్ల పేచీ లోపల లెగ్గింగ్స్ వేసుకోవచ్చు అనడంతో తీరిపోయింది. మైదానంలో మరుగుదొడ్డి లేకపోవడం మాత్రం మా ఆలోచనకే రాలేదు. నెలసరి రోజుల్లో వరసగా గైర్హాజరు ఎందుకో ఒక తల్లి చెబితే గానీ తెలియలేదు. అప్పటినుంచి సాయంత్రాలు సంఘం భవనం తాళం తీసే ఉంటోంది, ప్యాడ్లు అక్కడే పెడుతున్నాం. ఈ ఏడాది చేసిన ఖర్చుల్లో అతి చిన్నదీ, బాగా పనికొచ్చిందీ ఇదే.

ఈ నివేదిక సిద్ధం చేస్తుండగా 2025 జులై 5న భారత మహిళల జట్టు చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2–1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. క్వాలిఫయర్లు ఆడి అర్హత తెచ్చుకోవడం మన జట్టుకు ఇదే మొదటిసారి. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వే. అయినా మన పిల్లలు ఎక్కువగా చెప్పుకునేది గుగులోత్ సౌమ్య గురించి. నిజామాబాద్ నుంచి వచ్చి క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది మరి, పైగా తెలుగమ్మాయి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం మీ ఆమోదం కోరుతున్నవి: చిన్న పిల్లలకు నాలుగో సైజు బంతులు (ఇప్పుడున్న ఐదో సైజు వాళ్లకు పెద్దది), హాలుకు ఇంకో రెండు ట్యూబ్‌లైట్లు, వేసవిలో ప్రాక్టీసు ఉదయం ఐదున్నరకు మార్పు. ఆ వేళకు తాళం తీయడానికి మైదానం దగ్గర్లో ఉన్న సభ్యులెవరైనా పేరు ఇవ్వగలరు. మీ పిల్లలకు బిగుతైపోయిన స్టడ్స్ బూట్లు ఉంటే ఆఫీసులో ఇవ్వండి, చిన్న సైజులకే ఎక్కువ కొరత ఉంది.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున