ఓడ ఆగదు, పెట్టె అందదు

ఎడిటర్ గారికి నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడే కొద్దీ మీ జిల్లా అనుబంధంలో ఓడ విహారాల ప్రకటనలు ఎక్కువవుతున్నాయి. విమానం టికెట్టుతో కలిపి ఇంత, భోజనాలతో సహా ఇంత అని లావుపాటి అక్షరాల్లో ధర, పక్కన తెల్లటి ఓడ బొమ్మ, కింద ఫోన్ నంబరు. లగేజీ సంగతి మాత్రం ఏ ప్రకటనలోనూ కనిపించదు. ఆ సంగతి రాయడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, అయినా వేయగలరని ఆశ.

మాది బరంపురం. పట్టుచీరల కొట్టు ఉంది, లెక్కలు నేనే చూస్తాను. 1936లో ఒడిశా విడిపోయినప్పుడు సరిహద్దుకు ఇటువైపు ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. మీ పత్రిక ఇచ్ఛాపురం దాటి మా వీధికి చేరేసరికి పొద్దెక్కుతుంది. అయినా దానికోసం ఎదురుచూసే ఇళ్లు ఇక్కడ చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లలో పిల్లలు ఇప్పుడు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేస్తున్నారు. అమ్మానాన్నల పెళ్లిరోజుకు ఓడ టికెట్లు కొనివ్వడం కొత్తగా మొదలైంది. మా అబ్బాయీ అదే పని చేశాడు.

ప్యాకేజీ కట్టింది మా ఊరి ఏజెంటు. భువనేశ్వర్‌లో విమానం ఎక్కాలి, దారిలో ఇంకో విమానం మారాలి, పొద్దున సింగపూర్‌లో దిగాలి, అదే సాయంత్రం ఓడ. ‘మావుసీ, ఒక రాత్రి హోటల్ ఖర్చు మీకు మిగిలిపోతుంది’ అన్నాడు. ఆ మిగులు ఎవరికి మిగిలిందో తర్వాత చెబుతాను.

మొదటి విమానం ఆలస్యమైంది. మేమిద్దరం పరిగెత్తి రెండోది అందుకున్నాం. పెట్టెలు పరిగెత్తలేవు కదా. సింగపూర్‌లో బెల్టు తిరిగి తిరిగి ఆగిపోయింది, మా రెండు పెట్టెలూ రాలేదు. కౌంటర్లో ఒక ఫారం నింపమన్నారు. పీఐఆర్ అంటారు దాన్ని, సామాను రాలేదని విమాన సంస్థ రాసిచ్చే కాగితం. అందులో ‘ఇక్కడ మీరుండే చిరునామా’ అని ఒక గడి ఉంది. మేం ఏం రాయాలి? మేముండేది సముద్రం మీద. ఓడ పేరు, క్యాబిన్ నంబరు రాశాం. ‘తర్వాత ఏ రేవులో ఆగుతుంది, ఏ తేదీన, ఎన్ని గంటలకు?’ అని అడిగింది ఆ అమ్మాయి. ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఊళ్ల పేర్లున్నాయి గానీ వేళలు లేవు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఓడకు ఒక పద్ధతుంది. బయలుదేరే వేళకు గంట, గంటన్నర ముందే గేటు మూసేస్తారు. మనిషి రాకపోయినా ఆగదు, పెట్టె కోసం ఎందుకాగుతుంది? మా పెట్టెలు మర్నాడు సింగపూర్ చేరాయి. అప్పటికి మేం పెనాంగ్ దారిలో ఉన్నాం. పెనాంగ్‌కు పంపిస్తామన్నారు, అవి వచ్చేలోపు ఓడ ఫుకెట్‌కు తిరిగింది. చివరికి మేం ఇల్లు చేరాక భువనేశ్వర్ నుంచి ఫోన్ వచ్చింది, పెట్టెలు వచ్చాయి, తీసుకెళ్లండి అని. ఒకదాని తాళం విరిగి ఉంది.

ఓడలో రిసెప్షన్ వాళ్లు మంచివాళ్లే. రెండు టీషర్టులు, టూత్ బ్రష్షులు ఇచ్చారు. ప్రతి రేవులో ఓడ కంపెనీకి ఒక పోర్ట్ ఏజెంట్ ఉంటాడని, వెనకబడిన సామాను అతని చేతికి చేరితేనే ఓడలోకి వస్తుందని నాకు చెప్పింది వాళ్లే. పోర్ట్ ఏజెంట్ పేరు, ఫోన్ నంబరు కాగితం మీద రాసిచ్చి విమాన సంస్థకు పంపమన్నారు. అది మా ఏజెంటు బయలుదేరే ముందే ఇవ్వాల్సిన కాగితం.

మూడో రాత్రి అందరూ ముస్తాబై వచ్చే భోజనం. దానికోసమే కుంభం అంచు పట్టుచీర ఒకటి విడిగా నేయించుకుని, పాత దుప్పటి గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాను. రైల్లో, విమానంలో నలిగిన నూలు చీరే ఉతుక్కుని, బాత్రూంలో ఆరేసుకుని, అదే కట్టుకుని వెళ్లాను. పక్క టేబుల్లో పుణె ఆవిడ ‘బరంపురమా, అక్కడి పట్టు బాగుంటుందట కదా’ అంది. నేను అవే అమ్ముతానని చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు నవ్వొస్తోంది గానీ ఆ రోజు మాత్రం రాలేదు. మా ఆయన బీపీ మాత్రలు, పాస్‌పోర్టులు, కళ్లజోళ్లు నా చేతి సంచిలో ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. ‘అంత బరువు నువ్వెందుకు మోయడం’ అని ఆయన అంటూనే ఉన్నారు. అన్నట్టు, పాస్‌పోర్టు పెద్ద పెట్టెలో పెట్టి రేవులో పోర్టర్‌కు ఇచ్చేస్తే, లోపల కౌంటర్లో చూపించడానికి ఏమీ ఉండదు. అలా ఇరుక్కున్న కుటుంబాన్ని ఆ రోజు క్యూలో కళ్లారా చూశాం.

ఇప్పుడు అసలు సంగతి. ఇంటికొచ్చాక ఏజెంటును అడిగితే ‘అది విమానం వాళ్ల తప్పు’ అన్నాడు. విమానం వాళ్లేమో ‘టికెట్టులో రాసిన ఊరు సింగపూర్, మర్నాడే తెచ్చాం’ అన్నారు. ‘మా ఓడలోకే ఎక్కని సామానుతో మాకేం సంబంధం’ అన్నది ఓడ కంపెనీ. ఎవరి మాట వాళ్లకు సరిగ్గానే ఉంది. విమానం దిగిన చోటికీ ఓడెక్కే చోటికీ మధ్య పెట్టె ఎవరిది? ఈ మూడు ముక్కల్ని అతికి ఒకే ధరకు అమ్మినవాడిదే అని నా వాదన. పొద్దున విమానం, సాయంత్రం ఓడ అని కట్టిన ఆ రోజే మా పెట్టెలు పోవడం ఖాయమైంది. పెట్టెలు ఎక్కువగా దారి తప్పేది విమానం మారే చోటే. మామూలు ప్రయాణంలో అయితే ఒకరోజు ఆలస్యంగా హోటల్‌కు వచ్చేస్తాయి, మనం మర్చిపోతాం. ఓడ ప్రయాణంలో ఆ ఒక్క రోజుతోనే మొత్తం యాత్ర పోతుంది. ముందురోజే చేరి ఒక రాత్రి అక్కడ పడుకుంటే ఆ పెట్టెలు మాకు అందేవే. హోటల్ ఖర్చు మిగిలిందన్నాడే, ఆ ఖర్చు లేకపోవడం వల్ల ప్యాకేజీ చౌకగా కనిపించి అమ్ముడుపోయింది. మిగులు అతనికే.

విమానంలో పోయిన సామానుకు కనీసం ఒక చట్టం ఉంది. మాంట్రియల్ ఒప్పందం 1999 నాటిది, మన దేశం 2009లో అందులో చేరింది. దాని ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో ఒక్కో ప్రయాణికుడికి పరిహారం గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్. 2024 డిసెంబరు 28 నుంచి ఈ లెక్క, అంతకుముందు 1,288 ఉండేది. ఎస్‌డీఆర్ అనేది అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే విలువ. మన డబ్బులో ఆ మొత్తం లక్షన్నర పైమాటే. అయితే అది పైహద్దు, ఊరికే చేతిలో పెట్టేది కాదు. పోయినదాని విలువ చూపించాలి, బిల్లులు కావాలి. సొంత కొట్టులో తీసుకున్న చీరకు బిల్లు ఎవరు రాసుకుంటారు చెప్పండి! ఖరీదైనది పెడుతుంటే కౌంటర్లోనే విలువ ప్రకటించి అదనంగా కట్టే వీలుంది, అడిగితేనే చెబుతారు. గడువులూ గట్టివే. దెబ్బతిన్న పెట్టె మీద అందుకున్న 7 రోజుల్లోపు, ఆలస్యం మీద పెట్టె అందిన 21 రోజుల్లోపు రాతలో ఫిర్యాదు ఇవ్వాలి. రావలసిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టే లెక్క. దావా వేయడానికి రెండేళ్లు.

ఓడలోకి ఎక్కిన తర్వాతి సామానుకు ఏథెన్స్ ఒప్పందం అని ఇంకొకటుంది, 1974లో వచ్చింది, 2002లో సవరించారు. అది ఒప్పుకున్న దేశాలకే వర్తిస్తుంది కాబట్టి టికెట్టు షరతుల్లో ఏ చట్టం అని రాశారో చూసుకోవాలి. వర్తించే చోట కూడా, బంగారం, నగదు ఓడ వాళ్ల దగ్గర భద్రపరచమని అప్పగిస్తే తప్ప బాధ్యత వాళ్లది కాదు. పోయిన సామాను మీద 15 రోజుల్లోపు రాసివ్వాలి.

రేవులో సామాను అప్పగించే తీరు నాకింకా మింగుడు పడలేదు. మనం ప్రింటు తీసుకుని మడిచి స్టేపుల్ కొట్టుకున్న కాగితం ట్యాగు, దాని మీద పేరు, క్యాబిన్ నంబరు. అది చూసి పోర్టర్ పెట్టెను బండి మీద పడేస్తాడు. వేల మంది సామాను, అయినా మేం చూసిన చోట ఎవరికీ రసీదు ఇవ్వలేదు. మా కొట్టులో చీరకు ఫాల్ కుట్టమని ఇచ్చినా చీటీ రాసిస్తాం. ఆ కాగితం చిరిగితే పెట్టె ఎవరిదో చెప్పే దిక్కు లేదు. అందుకే లోపల, బట్టల పైన, పేరు, ఫోన్ నంబరు, ఓడ పేరు రాసిన అట్టముక్క ఒకటి పెట్టాలి.

పర్లాకిమిడిలో ఉండే మా ఆడపడుచును గట్టెక్కించింది ఆ అట్టముక్కే. ఆఖరి రాత్రి పెట్టెలు క్యాబిన్ తలుపు బయట పెట్టమంటారు, మర్నాడు రేవు హాల్లో రంగు ట్యాగుల వరుసల్లో వెతుక్కోవాలి. అన్నీ నల్ల ట్రాలీలే. ఆవిడ పెట్టె వేరే కుటుంబం తీసుకుపోయింది, ఎయిర్‌పోర్టులో తెరిచి చూసి ఫోన్ చేశారు. అంతకుముందు ఎక్కిన రోజు కూడా ఆవిడ పెట్టె రాత్రిదాకా రాలేదట. అన్నం వండుకోవడానికి చిన్న కరెంటు కుక్కరు పెట్టుకుంది మరి! స్కానింగులో ఇస్త్రీ పెట్టె, కెటిల్, కుక్కరు లాంటివి కనిపిస్తే ఆ పెట్టెను సెక్యూరిటీ గదిలో ఆపేస్తారు, మనం వెళ్లి తెరిచి చూపించాలి. ఎవరూ చెప్పకపోతే పోయిందనే అనుకుంటాం, ఆవిడా అదే అనుకుని ఏడ్చింది. ఆఖరి రాత్రి చిన్న పెట్టెలైతే బయట పెట్టక్కర్లేదు, మనమే మోసుకుని దిగవచ్చు. అదీ ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

రైలు సంగతి రాయకుండా ఉండలేను, ఎందుకంటే మా ప్రయాణం మొదలయ్యేది బరంపురం స్టేషన్లోనే. బుక్ చేసి రసీదు తీసుకోని సామాను పోతే రైల్వే సిబ్బంది నిర్లక్ష్యం రుజువైతే తప్ప రైల్వే బాధ్యత లేదని 1989 రైల్వే చట్టం 100వ సెక్షన్. ప్రయాణికుడి దగ్గరున్న సొత్తు దొంగతనమైతే అది రైల్వే సేవా లోపం కాదని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి సీటు కింద గొలుసు వేసుకోవాల్సిందే.

మా తాతల కాలంలో ఇక్కడివాళ్లు గోపాలపూర్ రేవులో ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లేవారు. రేకు పెట్టె పక్కనే ఉండేది, దాని మీదే కూర్చునేవారు. ఇప్పుడు గోపాలపూర్ నుంచి అలాంటి ఓడలు లేవు గానీ విశాఖలో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. రేపు ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి కూడా జనం బయలుదేరతారు. వాళ్లలో ఎక్కువమందికి ఇంగ్లిష్ షరతుల కాగితం చదివే ఓపిక ఉండదు. ప్యాకేజీ అమ్మేవాళ్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఒక్క పేజీ ఇవ్వాలి. ఏ దశలో పెట్టె ఎవరి బాధ్యత, ఓడ ఏ రేవులో ఎన్ని గంటలు ఆగుతుంది, ఆ రేవుల్లో పోర్ట్ ఏజెంట్ ఎవరు అన్నవి అందులో ఉండాలి. ప్రయాణ బీమా అంటగడితే, సామాను ఆలస్యమైతే ఎన్ని గంటలు దాటాక డబ్బిస్తారో కూడా రాయాలి. మాకు బీమా ఉంది. పీఐఆర్, ఓడలో కొన్న బట్టల బిల్లులు చూపిస్తే కొంత వచ్చింది. మొత్తం వ్యవహారంలో చేతికి తిరిగొచ్చిన డబ్బు అదొక్కటే.

నష్టపోయినవాళ్లు ఊరుకోవద్దు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. కట్టిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్ బరంపురంలోనే ఉంది. ముందు సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. మేం ఏజెంటు మీద కమిషన్‌కు వెళ్లాం, వాయిదాలు నడుస్తున్నాయి, అందుకే ఎవరి పేరూ ఇక్కడ రాయలేదు.

మీకు ఒక విన్నపం. ఓడ విహారం ప్రకటన తీసుకునేటప్పుడు విమానం దిగే తేదీ, ఓడ బయలుదేరే తేదీ రెండూ వేయమని వాళ్లను అడగండి. ధర వేసినంత లావు అక్షరాల్లో వేయక్కర్లేదు, కళ్లజోడు పెట్టుకుంటే కనిపించేంత చాలు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా